ఎవరూ పని చేయని సెక్షన్‌లో మీ సీటు మీరు నిలబెట్టుకోవడం ఎలా

ఏళ్ల తరబడి అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లోనో అవనిగడ్డ కోచింగ్ సెంటర్లలోనో కూర్చుని చదివి, ర్యాంకు తెచ్చుకుని, సర్టిఫికెట్ వెరిఫికేషన్ దాటి, చివరికి ఆర్డరు చేతికొచ్చి ప్రభుత్వ ఆఫీసులో చేరిన మొదటి నెలలోనే చాలామంది మనసు విరిగిపోతుంది. పదిన్నరకు మొదలవ్వాల్సిన ఆఫీసులో పదకొండున్నరకు కూడా సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లలో కొందరు టీకి వెళ్లి ఉంటారు. బీరువా మీద ఫైళ్లు తాళ్లు ఊడిపోయి పడి ఉంటాయి. మీరు ఉత్సాహంగా ఏదో ఫైలు తీసి అడిగితే పక్కసీటు సీనియర్ "కొత్తలో మేమూ ఇట్లనే చేసినం తమ్మీ, ఆర్నెల్లు పోనీ" అంటాడు.

తెలంగాణలో 2022 డిసెంబరులో నోటిఫికేషన్ పడిన గ్రూప్-4 ద్వారా ఎనిమిది వేలకు పైగా పోస్టులు, ఆంధ్రలో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా పోస్టులు. అంటే ఈ మాట విన్న కుర్రాళ్లు, ఆడపిల్లలు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఉంటారో ఆలోచించండి. ఇది వాళ్ల కోసం. ఆఫీసు మొత్తాన్ని మార్చే ఉపాయం ఇందులో లేదు, అది మీ చేతిలో ఉన్న పని కాదు. మీ సీటు మాత్రం మీ చేతిలో ఉంది. దాన్ని ముప్పై ఏళ్లు చెడకుండా ఎలా ఉంచుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పక్కవాడి బద్ధకం మీకు నేరుగా అంటుకోదు. వాడి పని మీ నెత్తిన పడుతుంది, మీరు మొహమాటానికి చేస్తారు, ఏడాదికి అలసిపోతారు, రెండో ఏడాదికి కసి పుడుతుంది, మూడో ఏడాది "నేనొక్కణ్ణే ఎందుకు చావాలి" అని మీరూ కుర్చీ వదిలి క్యాంటీన్‌కి నడుస్తారు. బాగా పనిచేసేవాళ్లు ఎక్కువగా చెడిపోయేది ఈ దారిలోనే. అందుకే కష్టపడటం ఎంత ముఖ్యమో, హద్దు పెట్టుకోవడం కూడా అంతే ముఖ్యం.

వాళ్లు ఎందుకు అలా ఉన్నారు

ఇది తెలియకపోతే అనవసరంగా మనుషుల మీద కోపం పెంచుకుంటారు. మన దగ్గర ఇంక్రిమెంటు పనిచేసినవాడికీ చేయనివాడికీ ఒకే నెలలో పడుతుంది. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము కింద 6, 12, 18, 24 ఏళ్లకు వచ్చే స్కేళ్లు కూడా సర్వీసు లెక్క మీద వచ్చేవే, ఎన్ని ఫైళ్లు తేల్చారన్నది ఎవరూ అడగరు. మరోపక్క ఖాళీలు ఏళ్ల తరబడి నింపరు కాబట్టి ఒక్కడు మూడు సీట్లు చూస్తుంటాడు, ఏది చేసినా మిగతా రెండిట్లో తిట్లు తప్పవు. ఇంత జరిగాక కూడా ఉత్సాహంగా ఉండాలంటే అది జీతం నుంచి వచ్చేది కాదు, వేరే చోట వెతుక్కోవాలి. ఎక్కడన్నది కింద చెబుతాను.

అందరూ బద్ధకస్తులని అనుకోకండి. కొందరికి పని నిజంగానే రాదు, ఎవరూ నేర్పలేదు. టైపు మిషన్ రోజుల్లో చేరి, ఫైళ్లు కంప్యూటర్లోనే నడిపే ఈ-ఆఫీస్ వచ్చాక మౌస్ పట్టుకోవడానికే మొహమాటపడుతున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకి మర్యాద పోకుండా పక్కన కూర్చుని నేర్పితే చాలామంది మారతారు, ఇది నేను చూసిన సంగతి. ఇంకొందరు భయపడ్డవాళ్లు. ఎప్పుడో మంచి మనసుతో ఒక ఫైలు కదిపి, తర్వాత ఆడిట్ అభ్యంతరంలోనో విజిలెన్స్ విచారణలోనో ఇరుక్కుని, చార్జి మెమోకి సమాధానం రాస్తూ ప్రమోషన్ పోగొట్టుకున్నవాళ్లు. వాళ్లకి ఫైలు కదపకపోవడమే క్షేమం. అందుకే కొర్రీ (అభ్యంతరం) మీద కొర్రీ వేసి ఫైలును వెనక్కి పంపుతుంటారు. పైకి బద్ధకంలా కనిపించే దాంట్లో చాలా భాగం ఈ భయమే. మీకూ ఆ భయం ఒకరోజు వస్తుంది, దానికి మందు రూల్స్ తెలిసి ఉండటం ఒక్కటే. ఇక చేయగలిగి, భయం లేకుండా, కేవలం చేయబుద్ధి కాక చేయనివాళ్లు ప్రతి ఆఫీసులో కొందరుంటారు. వాళ్లని మార్చే ప్రయత్నంలో మీ రోజులు పోగొట్టుకోవద్దు.

చార్జి తీసుకునేటప్పుడే సగం పని

కొత్త సీటు ఇవ్వగానే "ఇవిగో తాళాలు" అంటే తీసుకుని కూర్చోకండి. ఇంతకుముందు ఆ సీటు చూసినాయన దగ్గర పెండింగ్ ఫైళ్ల జాబితా, రిజిస్టర్ల జాబితా, కోర్టు కేసుల వివరం, సమాచార హక్కు దరఖాస్తులు ఏమున్నాయో అన్నీ కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి, సూపరింటెండెంట్ దృష్టికి తీసుకెళ్లండి. ఆయన బదిలీ అయి వెళ్లిపోయి ఉంటే మీరే బీరువా తెరిచి, అటెండర్‌ని పక్కన పెట్టుకుని జాబితా రాసి, ఫలానా నంబర్లు కనపడటం లేదని ఆ వారంలోనే నోట్ పెట్టండి. ఇది పెద్ద రభసలా అనిపిస్తుంది, "వచ్చీ రాగానే ఏంటీ పిల్లాడు" అంటారు. అననివ్వండి. నాలుగేళ్ల తర్వాత ఒక ఫైలు కనపడలేదని హైకోర్టు నుంచి ఒత్తిడి వస్తే ఆ రోజు మిమ్మల్ని కాపాడేది ఈ కాగితమే.

తర్వాత పర్సనల్ రిజిస్టర్. జిల్లా ఆఫీస్ మాన్యువల్ చదివినవాళ్లకి పి.ఆర్. అంటే తెలుసు, చదవనివాళ్లు ముందు ఆ మాన్యువల్ సంపాదించండి. వచ్చిన ప్రతి తపాలుకు కరెంటు నంబరు (ఆ కాగితానికి ఇచ్చే వరుస నంబరు), ఎప్పుడొచ్చింది, ఏం చేశాం, ఎవరికి రాశాం, చివరికి ఆర్.డిసా, డి.డిసా, ఎల్.డిసా (ముగిసిన ఫైలును ఎంతకాలం దాచాలో చెప్పే గుర్తులు), ఎలా ముగిసింది, అన్నీ ఒక్క చోట ఉంటాయి. బ్రిటిష్ కాలం పద్ధతి అని దీన్ని తీసిపారేసేవాళ్లు ఉన్నారు గానీ నా ఉద్దేశంలో గుమాస్తాకి ఇంతకంటే మంచి రక్షణ ఎవరూ కనిపెట్టలేదు. ఈ-ఆఫీస్ వచ్చాక ఇదే పని కంప్యూటరు చేస్తోంది, ఏ ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో తేదీలతో సహా అందులో ఉంటుంది. అయినా కాగితం తపాళ్లు ఇంకా వచ్చే ఆఫీసుల్లో రిజిస్టరు మీరు రాసుకోండి, ఎవరూ అడగకపోయినా. ఏ రోజు తపాలు ఆ రోజే ఎక్కించండి. రేపు ఎక్కిద్దామని ఒక్క కట్ట పక్కన పెడితే వారానికి అది మీ చెయ్యి దాటిపోతుంది.

నెలాఖరున గంటసేపు కూర్చుని లెక్క వేసుకోండి: నెల మొదట్లో పెండింగ్ ఎన్ని, కొత్తగా వచ్చినవి ఎన్ని, తేలినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని. ఈ లెక్క పై అధికారికి చూపించాల్సి వచ్చినప్పుడు చూపిద్దురుగానీ, ముందు మీకోసం వేసుకోండి. ఎవరూ మెచ్చుకోని చోట మీరు ముందుకు వెళ్తున్నారో వెనక్కి వెళ్తున్నారో చెప్పేది ఆ నాలుగు అంకెలే.

నోట్ రాయడం విషయంలో ఒక్క సలహా. సంగతి ఏమిటి, రూలు ఏం చెబుతోంది, మనం ఏం ప్రతిపాదిస్తున్నాం, ఈ మూడూ లేని నోట్ పైకి పంపకండి. "తగు ఉత్తర్వుల కోసం సమర్పించడమైనది" అని ఒట్టి ముక్క రాసి పంపితే పైన ఉన్నాయన "మాట్లాడండి" అని రాసి వెనక్కి పంపుతారు, అక్కడితో ఫైలు పదిహేను రోజులు నిద్రపోతుంది. మాట్లాడమన్నప్పుడు వెళ్లి మాట్లాడండి, వచ్చాక ఏం చర్చించారో రెండు లైన్లు ఫైల్లో రాసి తిరిగి పెట్టండి. నోటి మాట మీద ఏ పనీ నడపకండి, ఎంత మంచి ఆఫీసరైనా సరే.

పక్క సీటు పని మీ మీదకు వచ్చినప్పుడు

ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం. పని తెలిసినవాడికే పని చెబుతారు, అది ఆఫీసు ధర్మం. సూపరింటెండెంట్‌కి సాయంత్రానికి రిపోర్టు పోవాలి, ఆయన ఎవరిని పిలుస్తారు? చేసేవాణ్ణే పిలుస్తారు. అలా ఒక్కొక్కటే వచ్చి ఏడాది తిరిగేసరికి మూడు సీట్ల పని మీ టేబుల్ మీద ఉంటుంది, ఆర్డరు మాత్రం ఒక్క సీటుకే ఉంటుంది. ఏదైనా తేడా వస్తే "మీరే కదా చూస్తున్నారు" అంటారు, పని బాగా జరిగితే ఆ సీటు పేరు ఉన్నాయన ఖాతాలో పడుతుంది.

అందుకని రెండు రకాల సాయాన్ని వేరు చేసుకోండి. పక్కాయనకు ఒంట్లో బాగోలేదు, ఇంట్లో పెళ్లి ఉంది, ఎలక్షన్ డ్యూటీ పడింది, అలాంటప్పుడు అడగకముందే చేయండి, లెక్క పెట్టుకోకండి. అదే రోజూ తప్పించుకుని తిరిగేవాడి పని అయితే మర్యాదగా, కచ్చితంగా చెప్పాలి. "అన్నా, ఇవాళ్టికి ఈ ఫైలు ఎలా పెట్టాలో చూపిస్తా, మీరు మీ లాగిన్‌లో పెట్టండి, తప్పులుంటే నేను చూస్తా" అనండి. చేసిపెట్టడం వేరు, చేయడం చూపించడం వేరు. సూపరింటెండెంటే చెబితే మాత్రం వాదన వద్దు, "చేస్తాను సార్, కాకపోతే ఈ రెండు ఫైళ్లు రేపటికి పోతాయి, ఏది ముందు కావాలో చెప్పండి" అని అడగండి. ఆయనే తేల్చాలి, ఆయన ఉద్యోగం అదే. ఇలా నాలుగుసార్లు అడిగితే మీ టైమ్‌కి ఒక హద్దు ఉందని ఆయనకీ అర్థమవుతుంది.

శాశ్వతంగా ఇంకో సీటు అంటగడుతుంటే ఆఫీస్ ఆర్డరు అడగండి. పూర్తి అదనపు బాధ్యతలు, అదే ఎఫ్.ఏ.సి., కాగితం మీద ఇవ్వమనండి. అడగడానికి సిగ్గుపడకండి, ఇందులో అహంకారం ఏమీ లేదు. పని పంపిణీ ఉత్తర్వు పాతబడిపోయి ఉంటే, అంటే ముగ్గురు రిటైరైనా అదే కాగితం నడుస్తుంటే, కొత్తది వేయమని సెక్షన్ తరఫున నోట్ పెట్టించండి. మీ ఒక్కరి గొడవలా కాకుండా అందరి పనిలా చూపిస్తే ఎక్కువగా ఫలిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మొహం చూడొద్దు. ఇంకొకరి ఈ-ఆఫీస్ లాగిన్‌లో కూర్చుని ఫైలు పంపడం, పై అధికారి డిజిటల్ సిగ్నేచర్ డోంగిల్ మీ డ్రాయర్‌లో పెట్టుకుని ఆయన తరఫున సంతకాలు వేయడం, ఇది చాలా ఆఫీసుల్లో మామూలైపోయింది. "నమ్మకంతో ఇచ్చారు" అని సంతోషపడకండి. ఆ సంతకంతో ఒక తప్పుడు సర్టిఫికెట్ బయటకెళితే విచారణలో ఆయన మీ పేరే చెబుతారు. మీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, ఎవరిదీ మీరు తీసుకోకండి.

సమాచార హక్కు చట్టం గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పక్కవాడి నిర్లక్ష్యం మీ జేబుకి తగిలేది ఇందులోనే. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, కారణం లేకుండా ఆలస్యమైతే సమాచార కమిషన్ రోజుకి 250 చొప్పున గరిష్ఠంగా 25 వేల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ జరిమానా ప్రజా సమాచార అధికారి (పీఐఓ)కి మాత్రమే అనుకుంటారు చాలామంది. సెక్షన్ 5(4) కింద పీఐఓ మీ సాయం కోరితే, 5(5) ప్రకారం ఆ మేరకు మిమ్మల్నే పీఐఓగా లెక్కిస్తారు. కాబట్టి మీకు అడిగిన సమాచారం ఏ తేదీన అందింది, మీరు ఏ తేదీన ఇచ్చారు అన్నది అక్నాలెడ్జ్‌మెంటుతో ఉంచుకోండి. మీరు అయిదో రోజే ఇచ్చి, అది ఇంకొకరి టేబుల్ మీద ఇరవై అయిదు రోజులు ఆగిపోతే, ఆ తేడా కాగితం మీద కనపడాలి.

వాళ్లతో ఎలా మసలుకోవాలి

టీకి పిలిస్తే వెళ్లండి. పది నిమిషాలు కూర్చుని లేచి రండి. ఇంట్లో శుభకార్యానికి చందా అడిగితే ఇవ్వండి, రిటైర్‌మెంట్ సన్మానానికి ముందు నిలబడండి. పని విషయంలో మీరు వేరుగా ఉన్నారు కదా అని మనిషిగా కూడా వేరుగా ఉండక్కర్లేదు. ఎవరికీ నీతులు చెప్పకండి, మీరు ఎంత లేటుగా వెళ్తున్నారో ఎన్ని ఫైళ్లు చేశారో ఎప్పుడూ మాట్లాడకండి. అధికారి ముందు పక్కవాడిని తక్కువ చేసే మాట ఒక్కటి అన్నా ఆ సెక్షన్‌లో మీ బతుకు కష్టమవుతుంది, పైగా అది సభ్యత కూడా కాదు.

మీకు ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు వస్తే దాన్ని అదృష్టమనుకోండి. సర్వీసు రిజిస్టర్లో ఎంట్రీలు, ఇంక్రిమెంట్లు, సరెండర్ లీవు, మెడికల్ రీయింబర్స్‌మెంటు, పెన్షన్ ప్రతిపాదనలు, ఇవన్నీ తోటి ఉద్యోగుల జీవితానికి సంబంధించినవి. పదవీ విరమణ ఇప్పుడు ఆంధ్రలో 62, తెలంగాణలో 61. ఆ వయసుకి వచ్చినాయన ఎస్.ఆర్.లో ఎప్పుడో ఒక ఏడాది సర్వీస్ వెరిఫికేషన్ లేదని పెన్షన్ కాగితాలు అకౌంటెంట్ జనరల్ (ఏజీ) ఆఫీసు నుంచి తిరిగొస్తే ఆ ఇంటి పరిస్థితి ఏమిటో ఊహించండి. చాలా ముందే ఆ రిజిస్టరు తిరగేసి, ఖాళీలు గుర్తించి, పాత ఆఫీసులకు రాసి నింపించండి. రోజూ మిమ్మల్ని ఏడిపించినాయనకే మీరు ఈ పని చేసిపెట్టాల్సి రావచ్చు. చేయండి. ఆ సీటు ఉన్నది అందుకే. అలా చేసిన చోట తర్వాత మిగతావాళ్లు మీ ఫైలు అడిగితే ఆపరు, ఇది కూడా నేను చూశాను.

డబ్బు సంగతి వేరు, దాంట్లో మొహమాటం లేదు. వాటా పంపితే "నాకొద్దు సార్" అని వెంటనే, అక్కడే చెప్పండి, కారణాలు చెప్పకండి, ఉపన్యాసం ఇవ్వకండి. మీరు తీసుకోకపోవడం ఒక్కటే సరిపోదు, మీ పేరు చెప్పి బయట ఎవరూ వసూలు చేయకుండా చూసుకోవాలి. బ్రోకరో, ఆఫీసు మనిషో "లోపల సార్‌కి ఇవ్వాలి" అని ముసలాయన దగ్గర అయిదు వందలు తీసుకుంటే మీకు తెలియకుండానే మీరు లంచగొండి అయిపోతారు. కౌంటర్ దగ్గరకు వచ్చినవాళ్లతో "దీనికి ఇంత ఫీజు, రసీదు ఇస్తాం, ఇంకెవరికీ ఏమీ ఇవ్వొద్దు" అని నలుగురూ వినేలా చెప్పండి. ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064 బోర్డు చిరిగిపోయి ఉంటే కొత్తది పెట్టించండి.

పైకి ఫిర్యాదు ఎప్పుడు చేయాలి? పక్కాయన లేటుగా వస్తున్నాడని చేయకండి, అది చూడాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల వల్ల మీ ఫైలు ఆగి జనానికి నష్టం జరుగుతున్నప్పుడు, లేదా మీ పేరు మీద తప్పు జరుగుతున్నప్పుడు చేయండి. అప్పుడు కూడా మనిషి గురించి కాకుండా ఫైలు గురించి రాయండి: ఫలానా నంబరు, ఫలానా తేదీన పంపాను, ఇప్పటికి రిమార్కులు రాలేదు, గడువు ఫలానా. ప్రాపర్ ఛానల్‌లోనే పంపండి. కోపంలో వాట్సాప్ గ్రూపుల్లో రాయడం, లోకల్ రిపోర్టరుకి ఫోన్ చేయడం, నాయకుడితో చెప్పించడం, 1964 నాటి కాండక్ట్ రూల్స్ కింద తిరిగి మీకే చుట్టుకుంటాయి.

ఉత్సాహం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

కౌంటర్ అవతల నుంచి. ఇంతకంటే నిజమైన సమాధానం నాకు దొరకలేదు. ఆదాయ సర్టిఫికెట్ కోసం వచ్చిన అమ్మాయికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆఖరి తేదీ దగ్గరపడి ఉంటుంది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ కోసం వచ్చినామె భర్త చనిపోయి నెల కూడా అయి ఉండదు. మ్యుటేషన్ కోసం తిరిగే రైతు ఆ రోజు కూలి మానుకునో, కూలి పెట్టుకునో, బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చి ఉంటాడు. "రేపు రా" అన్న రెండు ముక్కలకు వాళ్ల ఒక్కరోజు సంపాదన పోతుంది. ఆ మాట మీ నోట్లోంచి రాకూడదని ఒక్క నియమం పెట్టుకోండి, మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి. పని ఇవాళ కాకపోతే ఎప్పుడవుతుందో తేదీ చెప్పండి. కాగితాలు తక్కువైతే ఏమేం కావాలో అన్నీ ఒకేసారి చీటీ మీద రాసివ్వండి, ఒకటి తెచ్చాక ఇంకొకటి అడగడం పాపం. పని కాని పని అయితే కాదని, ఎందుకు కాదో, ఎక్కడికి వెళ్లాలో చెప్పండి. కాదని తెలిసి తిప్పించుకోవడం కంటే ముఖాన కాదని చెప్పడమే దయ.

సోమవారం ప్రజావాణిలోనో, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్‌లోనో వచ్చిన అర్జీల విషయంలో ఒత్తిడి ఎక్కువ ఉంటుంది, పెండింగ్ సంఖ్య తగ్గించమని పైనుంచి ఫోన్లు వస్తాయి. అర్జీదారుతో మాట్లాడకుండానే "పరిష్కరించడమైనది" అని ముగించేయడం సెక్షన్‌లో అందరూ చేస్తుంటారు. మీరు చేయకండి. తేలని అర్జీని తేలలేదని, ఎందుకు తేలలేదో కారణంతో రాయడం నిజాయితీ. అంకె బాగుండటం కోసం రాసిన అబద్ధం ఆ మనిషిని మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబెడుతుంది.

అయిదింటికి పని అయిపోతే ఇంటికి వెళ్లండి. రోజూ రాత్రి ఎనిమిది దాకా కూర్చునేవాళ్లు గొప్పవాళ్లని కాదు, పగలు ఫోన్లు, కబుర్లు తగ్గించుకుంటే చాలా సీట్ల పని ఆఫీసు టైమ్‌లోనే అవుతుంది. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు ఉన్నాయి, అవి వాడుకోవడం నేరం కాదు. అలసిపోయిన మనిషి ముందు మాట తూలుతాడు, తర్వాత పనిలో తప్పులు చేస్తాడు.

ఇంకో పని, మీ సీటు లాంటిదే పక్క మండలంలో చూస్తున్న ఒక మంచి మనిషిని వెతికి పట్టుకోండి. ఏ జీవో వర్తిస్తుంది, ఏ ఫార్మాట్‌లో పంపితే కొర్రీ రాదు అని అడగడానికి మనిషి కావాలి. మీ ఆఫీసులో ఎవరూ లేకపోతే బయట ఉంటారు, ప్రతి జిల్లాలో ఉంటారు. ఆఫీసు కాగితాల ఫొటోలు మాత్రం పంపుకోకండి, రూలు గురించి మాట్లాడుకోండి.

డిపార్ట్‌మెంటల్ టెస్టులు వాయిదా వేయకండి. సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ మీ శాఖకు ఏవి తప్పనిసరో సర్వీస్ రూల్స్‌లో చూసి కట్టండి, అకౌంట్స్ టెస్టు అయితే శాఖ ఏదైనా పనికొస్తుంది. ప్రమోషన్ కోసమే అని చదివేవాళ్లు పాసై మర్చిపోతారు. మీరు రోజుకి ఒక అరగంట, ఆ రోజు మీ టేబుల్ మీదకు వచ్చిన ఫైలుకి సంబంధించిన రూలు తీసి చదవండి. లీవు ఫైలు వస్తే లీవ్ రూల్స్, క్రమశిక్షణ ఫైలు వస్తే 1991 సీసీఏ రూల్స్, బిల్లు వస్తే ఫైనాన్షియల్ కోడ్. ఏడాదికి సెక్షన్‌లో ఏ సందేహం వచ్చినా, ఇన్నాళ్లూ ఫైలు కదపడానికి భయపడ్డ సీనియర్‌తో సహా, మీ టేబుల్ దగ్గరకే వస్తారు. వచ్చినప్పుడు పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించండి, నోటితో చెప్పి పంపకండి.